పాతబస్తీ చలిలో మా చుక్క కోసం

నాకు అనుమానం జీతంతో పాటు వచ్చింది. ఉద్యోగమంతా తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. ఏ కొట్టు ముందు నిలబడినా నా కళ్లు ముందు తక్కెడ మీదికి పోతాయి, ఆ తర్వాతే సరుకు మీదికి. పెన్షన్‌లోకి వచ్చినా ఆ గుణం వదల్లేదు. మా ఆవిడ వడ్డించే పప్పును కూడా కళ్లతోనే తూస్తానని బంధువుల్లో నాకు పేరు. అలాంటి వాణ్ణి పట్టుకుని, హైదరాబాదు పాతబస్తీకి వెళ్లి ఒక గుర్రం ఎలా ఉందో చూసి రమ్మన్నారు మా కాకినాడ మిత్రులు. మనిషిని మాత్రం సరిగ్గానే ఎంచుకున్నారు.

గుర్రం పేరు చుక్క. ఎర్రటి ఆడగుర్రం, నుదుటి మీద తెల్లమచ్చ. మా బీచిలో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగేది. ఒకరోజు ఆటో గుద్ది దాని వెనక కాలు చీరుకుపోయింది. దాని యజమాని దాన్నీ, దానితో ఉండే మగగుర్రాన్నీ ఇసుకలోనే వదిలేసి వేరే పని చూసుకున్నాడు. పొద్దున్నే బీచిలో నడిచే మా బృందం వాళ్లమే డాక్టరును పిలిచి కుట్లు వేయించాం, గడ్డి తెచ్చి వేశాం. కానీ మాలో గుర్రాన్ని సాకడం తెలిసినవాడు ఒక్కడూ లేడు. వాకబు చేస్తే, హైదరాబాదులో సైదాబాద్ దగ్గర యాకూబ్ భాయ్ అనే ఆయన దిక్కులేని గుర్రాల్ని చేరదీస్తాడని తెలిసింది. దీపావళి వెళ్లాక చుక్కను లారీ ఎక్కించాం.

రెండో గుర్రం సత్తిబాబు మాత్రం మా మిత్రుడి కొబ్బరితోటలో ఉండిపోయింది. పేరు మేం పెట్టింది కాదు, పాత యజమాని పెట్టిందే. అది లేత మొక్కల మొవ్వులన్నీ కొరికేస్తుంటే తోటాయన ఓపిక రోజురోజుకీ తగ్గుతోంది. దాన్ని కూడా యాకూబ్ భాయ్ దగ్గరికే పంపేద్దామని అందరూ అన్నారు. నేనే అడ్డుపడ్డాను. ఫోన్ చేసినప్పుడల్లా ఆయన చెప్పే మాట ఒక్కటే: సుక్క మంచిగనే ఉన్నది. పంపించే ఫోటోల్లో మాత్రం గుర్రానికి తల మీద ఉన్ని టోపీ, ఒంటి మీద గోనె కప్పు. నుదుటి మచ్చ ఒక్క ఫోటోలోనూ కనపడదు. చుక్కను కళ్లతో చూశాకే సత్తిబాబును పంపాలో వద్దో తేల్చుదామన్నాను. అయితే నువ్వే వెళ్లి చూడు అన్నారు.

మా ఆవిడ పాత చీరలు పొరలు పొరలుగా పరిచి చుక్కకు ఒక బొంత కుట్టింది. లారీ ఎక్కించే రోజున నేను టేపుతో చుక్క కొలత తీసి ఉంచాను కాబట్టి బొంత ఆ కొలతకే కుట్టింది. దాన్ని మడిచి సంచిలో కుక్కుకుని, తలకు మంకీ క్యాపు తగిలించుకుని బయలుదేరాను.

మలక్‌పేట

మా కాకినాడలో చలి అంటే తెల్లవారుజామున ఫ్యాను ఒక నంబరు తగ్గించడం. మలక్‌పేటలో దిగిన పొద్దున చలి నా చొక్కాలోంచి, స్వెట్టర్‌లోంచి దూరి ఎముకల్ని వాకబు చేసింది. మనుషులు చెత్త పోగేసి నిప్పు పెట్టుకుని చుట్టూ చేరి చేతులు చాపుతున్నారు. నేనూ వెళ్లి చెయ్యి చాపాను. ఎవరూ ఎవరు నువ్వని అడగలేదు. చోటిచ్చారు.

ఇరానీ హోటల్లో చాయ్ తెచ్చి పెట్టాడు. కప్పు చూస్తే మా ఊళ్లో గ్లాసులో సగం. ఇరవై రూపాయలు. ఇంత చిన్న కప్పుకు ఇంత ధరేమిటని మనసులో ఒక కేసు రాసుకుని తాగాను. తాగాక ఆ కేసు కొట్టేశాను. అంత చిక్కటి టీ మా వైపు పెళ్లిళ్లలో కూడా పొయ్యరు. పక్క బల్ల దగ్గర ఇద్దరు ఒకే చాయ్ తెప్పించుకుని, ఒకరు కప్పులో, ఒకరు సాసర్‌లో పోసుకుని తాగుతున్నారు. మా దగ్గర అలా చేస్తే పిసినారులంటారు. ఇక్కడ వాళ్లు స్నేహితులు.

రేసు మైదానం గోడ పక్కన కాసేపు నిలబడ్డాను. పందెపు గుర్రాల్ని వాటి ఆలనాపాలనా చూసే సైసులు నడిపించుకుని వెళ్తున్నారు. వాటికి నాకున్న దుప్పటి కంటే మంచి దుప్పట్లున్నాయి. మా చుక్క ఒంటి మీది గోనె కప్పు గుర్తొచ్చి మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది.

ఆ దగ్గర్లోనే ఒక దాణా కొట్టు కనపడింది. శనగలు, తవుడు, బెల్లం బస్తాలు పేర్చి ఉన్నాయి. గుర్రాలు పెంచేవాళ్లు ఇక్కడే కొంటారు గదా, యాకూబ్ సంగతి ఈ సేటుకు తెలియకపోదు అనుకున్నాను. నోరు తెరిచే ముందు అలవాటు కొద్దీ వంగి ఆయన తక్కెడకు ముద్ర ఉందో లేదో చూశాను. అదే కొంప ముంచింది. సేటు నన్ను పైకీ కిందికీ చూసి, మీది ఏ డిపార్ట్‌మెంట్ సార్ అని అడిగాడు. రిటైరయ్యానని చెప్పినా నమ్మలేదు. యాకూబ్ పేరెత్తగానే ఆయన మంచోడు, మస్తు మంచోడు అన్నాడు గానీ, గుర్రాలెలా ఉన్నాయంటే మాత్రం నీళ్లు నమిలాడు. అడగకుండానే ఒక మనిషిని రెండుసార్లు మంచోడు అన్నారంటే అందులో ఏదో ఉందన్నమాట. నా ఉద్యోగం నాకు నేర్పింది ఇదే.

సైదాబాద్

యాకూబ్ చిరునామా పట్టుకుని సైదాబాద్ సందుల్లో తిరిగాను. ఆటో అతను ఒకే మసీదు ముందు నుంచి రెండుసార్లు తీసుకెళ్లాడు. మీటరు కోసం తిప్పుతున్నాడని నేను గొణిగితే, మీరు చెప్పిన గల్లీ పేరుతో ఇక్కడ రెండు గల్లీలున్నాయి సార్ అని అతను విసుక్కున్నాడు. నిజంగానే రెండున్నాయి. అయినా మనసు పూర్తిగా ఒప్పుకోలేదు.

ఆ స్థలం దొరికింది. రేకుల తలుపుకు తాళం. సందులోంచి చూస్తే లోపల ఖాళీ. నేలలో గుంజలు పీకిన గుంతలు ఉన్నాయి, ఎండిపోయిన లద్దె ఉంది, గుర్రం ఒక్కటీ లేదు. అమ్మేశాడా? పెళ్లి బారాత్‌ల కోసం అద్దెకిచ్చేశాడా? కుంటికాలి చుక్క మీద ఎవడో పెళ్లికొడుకు ఎక్కి కూర్చున్నట్టు ఒక బొమ్మ కళ్ల ముందు కదిలింది.

ఎదురింటి గుమ్మంలో బియ్యం ఏరుకుంటున్న ఒకావిడను అడిగాను. ఎటు పోయిన్రో తెల్వదు అంది. ఎప్పుడు వస్తారంటే తెల్వదు అంది. నేను కదలకుండా అక్కడే నిలబడేసరికి చేట పక్కన పెట్టి సూటిగా అంది:

"పెండ్లిళ్ల సీజన్ల మీ అసోంటోళ్లు మస్తు మంది వస్తరు సార్. నా గుర్రమే అంటరు, తోల్కపోతరు. తెల్లారి బారాత్‌ల నిలబెడతరు. నాకేం తెల్వదు, మీరు పోండ్రి."

నేను ఎవరిని దొంగలనుకుంటున్నానో, వాళ్లే నన్ను దొంగ అనుకుంటున్నారు. నాకు నవ్వు రావలసింది. రాలేదు. యాకూబ్‌కు ఫోన్ చేశాను. నేను హైదరాబాదులోనే, మీ స్థలం ముందే ఉన్నానని చెప్పాను. ఆయన, జాగా మార్చినం, రేపు పొద్దుగాల పురానాపూల్ దగ్గర నిలబడండి, మా దోస్త్ వచ్చి తోల్కొస్తడు అన్నాడు. చుక్క ఎలా ఉందన్నాను.

"ఉన్నది సార్. సుక్క మంచిగనే ఉన్నది. మీరేం ఫికర్ జెయ్యకుండ్రి."

అదే మాట, అదే గొంతు. చిరునామా మాత్రం చెప్పలేదు. ఈ ఒక్క రాత్రిలో ఎక్కడి నుంచో ఒక ఎర్రగుర్రాన్ని తెచ్చి నా ముందు నిలబెడతాడని లాడ్జిలో పడుకుని నాకు నేనే చెప్పుకున్నాను.

ధూల్‌పేట్

మర్నాడు పొద్దున్నే ఒక చిన్న హోటల్లో నహారీ, కుల్చా తిన్నాను. పెద్ద గుండిగలోంచి గరిటెతో పులుసు పోస్తుంటే ఇందులో ఏముందని అడిగాను. ముందు తినుండ్రి, తర్వాత చెప్తా అన్నాడు వడ్డించేవాడు. చలికి వేళ్లు కొంకర్లు పోయి ఉన్నాయి, ఇంకేం అడక్కుండా తినేశాను. లేచి చెయ్యి కడుక్కున్నాక అడిగితే, పొట్టేలు కాళ్లు, నాలుక అన్నాడు. నాలుక అని ముందే చెప్పి ఉంటే తినేవాణ్ణి కాదు. బాగుందని మాత్రం ఇక్కడ రాయక తప్పదు.

పురానాపూల్ దగ్గరికి స్కూటర్ మీద వచ్చిన మనిషి పేరు కిషన్ సింగ్. ధూల్‌పేట్‌లో వినాయక విగ్రహాలు చేస్తాడు. దారిలో ఆయన చెప్పింది ఇది: పెద్ద విగ్రహాల పని ఇంకా అందుకోలేదు కాబట్టి ఆయన షెడ్డు సగం ఖాళీ. డిసెంబరు చలికి సైదాబాద్ బయలు స్థలంలో గుర్రాలు ఆగలేకపోతున్నాయని యాకూబ్ వచ్చి అడిగితే, ఇక్కడ కట్టుకోమన్నాడు. పని మొదలయ్యాక మళ్లీ వెళ్లిపోవాలి. బారాత్ వాళ్లు వెతుక్కుంటూ వస్తారు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. అన్నీ సరిగ్గా అతికినట్టున్నాయి. మరీ అంత సరిగ్గా అతికే లెక్కలంటే నాకు పడదు.

షెడ్డు చూసి మాత్రం నోరు తెరిచాను. నాలుగు వైపులా టార్పాలిన్లు దించి కట్టారు. లోపల ఒక పక్క తలల్లేని వినాయకుల వెదురు చట్రాలు, ఇంకో పక్క గుర్రాలు. విగ్రహాల లోపల కూరే వరిగడ్డే నేల మీద మోకాలి లోతు పరిచారు. గోనెపట్టలు రెండు పొరలు కలిపి కుట్టిన ఝూల్ ఒక్కో గుర్రం వీపు మీద. బయట ఇనప డ్రమ్ములో నిప్పు, దాని మీద నీళ్లు కాగుతున్నాయి. చలికాలంలో చన్నీళ్లు తాగక గుర్రానికి కడుపు పట్టేస్తుందట, అందుకని కాచి గోరువెచ్చన చేసి పెడతారు. మా ఊళ్లో గుర్రానికి నీళ్లు కాచామని చెప్తే మమ్మల్ని డాక్టరుకు చూపిస్తారు.

యాకూబ్ భాయ్ అరవై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. సలాం చెప్పి చెయ్యి పట్టుకున్నాడు గానీ కళ్లలోకి చూడలేదు. ఆయన భార్య ఖైరూబీ నిప్పు దగ్గర శనగలు, వాము, బెల్లం వేసి దాణా కలుపుతోంది. అన్నా, చాయ్ తాగు అంది. ముందు చుక్కను చూపించండి అన్నాను.

చివర గుంజకు కట్టిన గుర్రం దగ్గరికి తీసుకెళ్లారు. ఎర్రదే. కానీ మా చుక్క ఒళ్లు నున్నగా ఉండేది, దీని ఒంటి నిండా గొంగళి కప్పినట్టు దట్టమైన బొచ్చు. చలికి ఇట్లనే వస్తది సార్ అన్నాడు యాకూబ్. సముద్రం పక్కన పుట్టి పెరిగినవాణ్ణి, గుర్రానికి చలికాలంలో బొచ్చు పెరుగుతుందని ఎప్పుడూ వినలేదు. నమ్మలేదు. టోపీ తీయమన్నాను. నుదుటి మీద తెల్లమచ్చ ఉంది. కానీ అంచులు చెదిరినట్టుంది. వేలితో రుద్దాను. వేలికి తెల్లటి పొడి అంటింది! దొరికాడు అనుకున్నాను. మచ్చ దిద్దాడు. గెలిచినవాడిలా వేలు పైకెత్తి చూపించబోతే, నా స్వెట్టర్ భుజం మీదా అదే తెల్లపొడి. కిషన్ సింగ్ తల మీదా అదే. విగ్రహాల షెడ్డు, సుద్దపొడి పడని చోటు లేదు. రుద్దగా రుద్దగా మచ్చ ఉంది గానీ, అది మా చుక్క మచ్చో కాదో నేనే చెప్పలేకపోయాను.

అప్పుడు బొంత తీశాను. కొలతకు కుట్టింది గదా. వీపు మీద పరిస్తే జానెడు పొట్టిదయింది. వయసుడిగిన గుర్రం రెండు నెలల్లో జానెడు పెరగదు. ఇక ఆగలేదు.

"వెనక కాలి మీద కుట్ల మచ్చ ఉండాలి. కత్తెర ఇవ్వండి, అక్కడ బొచ్చు తీసి చూస్తాను."

యాకూబ్ గుర్రానికీ నాకూ మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"బొచ్చు ఎంత కోస్తే గంత చలి లోపటికి పోతది సార్. మీకు అనుమానం ఉంటే ఉండనీయుండ్రి. కత్తెర మాత్రం పెట్టనియ్య."

మాటా మాటా పెరిగింది. నేను మా మిత్రులందరి తరఫునా వచ్చానన్నాను. పోలీసుల దాకా వెళ్తానన్నాను. ఆయన గొంతు పెంచలేదు, పక్కకు జరగనూ లేదు. కిషన్ సింగ్ నన్ను భుజం పట్టుకుని బయటికి తెచ్చి చాయ్ ఇప్పించాడు. ఆ చాయ్ రుచి ఎలా ఉందో గుర్తు లేదు.

మళ్లీ అక్కడికే

మూడో రోజు తెల్లారగానే, ఎవరికీ చెప్పకుండా ధూల్‌పేట్ వెళ్లాను. సందులో పొగమంచు. ఎదురుగా వస్తున్న పాల సైకిలు కూడా దగ్గరకొచ్చేదాకా కనపడలేదు. యాకూబ్ నీళ్ల కోసం ఎటో వెళ్లినట్టున్నాడు. టార్పాలిన్ ఎత్తి లోపలికి దూరాను. కత్తెర లేకపోతే ఏం, వేళ్లున్నాయి.

గుర్రం తన్నుతుందని భయపడుతూనే దాని వెనక కాలి దగ్గర కూర్చుని బొచ్చు పాయలు పాయలుగా తీసి చూశాను. వెచ్చగా ఉంది ఒళ్లు. మోకాలి పైన, కింద, పక్కన. చర్మం ఎక్కడా తెగినట్టు లేదు. నా అనుమానమే నిజమైంది. నిజమైనందుకు సంతోషం కలగకపోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

"దేవులాడకు అన్నా."

ఖైరూబీ. ఇంకో గుర్రం ఝూల్ కింద చెయ్యి పెట్టి ఒళ్లు తడిమి చూస్తోంది. నేను వచ్చినప్పటి నుంచి అక్కడే ఉందన్నమాట.

"గా దెబ్బ దీనికి లేదు. మీ సుక్క పోయింది."

ఎప్పుడు, ఎలా పోయిందో ఆవిడే చెప్పింది. చలి మొదలైన కొత్తల్లోనే పోయింది. ఇక్కడి గుర్రాలకు వానలు తగ్గుముఖం పట్టేసరికే ఒంటి మీద బొచ్చు మొదలవుతుంది. చుక్క దీపావళి దాటాక సముద్రం నుంచి వచ్చింది, దాని ఒంటికి ఆ సమయం చాలలేదు. సైదాబాద్‌లో పైన రేకులే, పక్కల గోడల్లేవు. ఝూల్ వేశారు, ఇంట్లో రజాయి తెచ్చి దాని మీద కప్పారు, నిప్పు పెట్టారు. నిమ్ము చేసింది. డాక్టరొచ్చి సూదులేశాడు. ఒక పొద్దున మరి లేవలేదు. మిగిలినవి కూడా పోతాయేమోనన్న భయంతోనే యాకూబ్ ఆ వారమే ధూల్‌పేట్ వచ్చి కిషన్ సింగ్ కాళ్లావేళ్లా పడ్డాడు.

"మరి ఫోన్ చేసినప్పుడల్లా చుక్క బాగుందని ఎలా చెప్పారమ్మా?" అన్నాను.

ఆవిడ నావంక వింతగా చూసింది.

"బాగనే ఉన్నది గదా. గిది గూడ సుక్కనే. మేము పేరు గుంజకు పెడతం అన్నా, గుర్రానికి కాదు."

యాకూబ్ తాత టాంగా తోలేవాడట. ఆ టాంగా గుర్రం పేరు చాందినీ. అది పోతే అదే గుంజకు ఇంకో గుర్రాన్ని కట్టాడు, దాని పేరూ చాందినీయే. యాకూబ్ నాన్న కాలంలోనూ చాందినీయే. బండి ఎక్కేవాళ్లు చాందినీ బాగుందా అంటే బాగుందనేవాళ్లు. గుర్రం పోయిందని గుంజ పేరు కూడా పోనిస్తే ఇంట్లో ఆ చోటు ఉత్తదైపోతుందని వాళ్ల పట్టింపు. చుక్క పోయిన నాలుగైదు రోజులకు, బారాత్ వాళ్లు మూసీ ఒడ్డున వదిలేసిన ఈ గుర్రం దొరికింది, దీనికీ నుదుట మచ్చ ఉండటం కాకతాళీయమట. సైదాబాద్ నుంచి పీకి తెచ్చిన చుక్క గుంజ ఖాళీగా ఉంది కాబట్టి దానికి కట్టారు. కట్టగానే అది చుక్క అయింది.

ఉద్యోగంలో దొంగ తూకంరాళ్లు ఎన్ని పట్టుకున్నానో నాకే గుర్తు లేదు. దొరికిపోయిన మనిషి ముఖం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఖైరూబీ ముఖంలో అది ఎంత వెతికినా లేదు. ఒళ్లు మండిపోయింది. ఇదేం ఆచారం, చచ్చిపోయిన దాని పేరు ఇంకో దానికి తగిలించి మమ్మల్ని ఇన్నాళ్లు మభ్యపెట్టారని అరిచాను. అరుస్తుండగానే ఏడుపొచ్చింది. గడ్డిలో కూర్చుని, సిగ్గు లేకుండా, బీచిలో మాతో నడిచిన ఆ కుంటి గుర్రం కోసం ఏడ్చాను. చుక్క కాని చుక్క ఒకసారి తల తిప్పి నన్ను చూసి, మళ్లీ గడ్డి నమలడం మొదలుపెట్టింది.

అప్పుడే మా ఆవిడ ఫోన్. బొంత సరిపోయిందా అని అడిగింది. కాస్త పొట్టిదయింది అన్నాను. అలా ఎలా, మీరు కొలిచిన కొలతే గదా అంది. ఇక దాచలేక అంతా చెప్పేశాను. విని, ఆ పొట్టి బొంతనే దీనికి కప్పి రండి, చివర ఒక చీర ముక్క కలిపి కుట్టుకోమనండి అంది. సత్తిబాబు సంగతేం చేస్తారని మాత్రం అడగలేదు. అది నేను తేల్చుకోవలసిందే.

యాకూబ్ రెండు చేతుల్లో వేడినీళ్ల బకెట్లతో వచ్చాడు. నా ముఖం చూసి, ఖైరూబీ ముఖం చూసి, బకెట్లు కింద పెట్టాడు.

"నేను అబద్ధం చెప్పలే సార్. మీరు అడిగినప్పుడల్లా గుంజకు ఉన్న సుక్క సంగతే చెప్పిన. మీకు పేరంటే గా ఒక్క గుర్రమే అని నాకు ఎర్క లేకుండె."

"నిన్న నేను మచ్చ వెతుకుతుంటే తెలిసింది గదా? అప్పుడైనా చెప్పొచ్చు గదా?" అన్నాను.

ఆయన తల దించుకున్నాడు. నిన్న చెప్దామనుకున్నాడట. కానీ నేను పోలీసులన్నాను. పోలీసులొస్తే కిషన్ సింగ్ షెడ్డు ఖాళీ చేయించేవాడు, ఈ చలిలో అన్నీ మళ్లీ సైదాబాద్ రేకుల కింద నిలబడవలసి వచ్చేది. అందుకని ఊరుకున్నాడు. ఆ మాట అబద్ధం కాదని నాకు తెలుస్తూనే ఉంది. నా మీద నాకు కోపం రావాలో, ఆయన మీద రావాలో తేలక చాలాసేపు డ్రమ్ములో నిప్పు చూస్తూ కూర్చున్నాను. ఆ చలిలో ఆయన చేతివేళ్లు వేడినీళ్లకు ఎర్రగా కమిలి ఉన్నాయి. గుర్రాలన్నీ పొడిగడ్డి మీద, వెచ్చగా ఉన్నాయి. అది కూడా చూశాను. చూడలేదని రాస్తే ఈ యాత్ర అంతా దొంగ తూకం అవుతుంది.

సత్తిబాబు సంగతి చెప్పాను. ఇప్పుడు పంపమంటావా అని అడిగాను. గుర్రం వస్తే పుచ్చుకుంటాడనే అనుకున్నాను. నా అనుమానం ఇంకా చావలేదు. యాకూబ్ అడ్డంగా తల ఊపాడు.

"ఇప్పుడొద్దు సార్. ఎండలు ముదరనీ, గప్పుడు పంపుండ్రి. ఈడ వానలు చూడాలె, మెల్లగ చలి చూడాలె. దాని ఒళ్లు దానికే చెప్తది. ఇప్పుడు పంపితే మీ సుక్క లెక్కనే అయితది."

కొబ్బరితోట ఆయనతో ఎలాగో మాట్లాడుకుంటాను, ఎండలు రాగానే పంపుతానన్నాను. కానీ నాదొక షరతు అన్నాను. సత్తిబాబు సత్తిబాబుగానే వస్తాడు. ఖాళీగా ఉన్న ఏ చాందినీ గుంజకో, ఇంకో గుంజకో కట్టి పేరు మార్చడానికి వీల్లేదు. వాడికి ఏమైనా అయితే వాడి పేరు వాడితోనే పోవాలి. ఆ పేరు ఇంకెవరికీ పెట్టకూడదు.

యాకూబ్‌కు ఆ మాట మింగుడుపడలేదు. అలా పోతే ఆ చోటు ఉత్తగనే ఉంటది గదా సార్ అన్నాడు. ఉండనీ అన్నాను. ఆయన ఖైరూబీ వంక చూశాడు. కాసేపు గడ్డం గోక్కుంటూ నిలబడి, వెళ్లి కిషన్ సింగ్ దగ్గర సుత్తి అడిగి తెచ్చాడు.

షెడ్డులో చివర, టార్పాలిన్‌కు దగ్గరగా ఒక కొత్త గుంజ నేలలో పెట్టి కొట్టడం మొదలుపెట్టాడు. ఆడ గాలి తగుల్తది అంది ఖైరూబీ. పీకి, లోపలికి జరిపి, మళ్లీ కొట్టాడు. ఎండాకాలం నాటికి ఇక్కడ ఉండరు గదా, సైదాబాద్‌లోనే కదా కట్టాలి అన్నాను నేను. అప్పుడు పీకి తోల్కపోతా సార్, గుంజ అయితే కొత్తదే ఉండాలె గదా అన్నాడు. చెమట తుడుచుకుంటూ గుంజ కదులుతుందేమోనని చేత్తో ఊపి చూశాడు.

"ఇంతకీ పేరేం అన్నరు సార్?"

"సత్తిబాబు."

"సత్తి..." అన్నాడు. మళ్లీ అన్నాడు. మూడోసారికి పేరు పూర్తిగా పలికాడు. ఆ గుంజ మీద చెయ్యి తీయకుండానే అడిగాడు.

"ఏదన్న అయితే... పొద్దుగాల పొద్దుగాల ఫోన్ చేస్తే ఏమనుకోరు గదా?"

"మంచి మాటైతే తీరిగ్గా చెప్పు" అన్నాను. "చెడ్డదైతే అదే పూట చెప్పు. నేనే ఎత్తుతాను."

సరేనన్నాడు. మళ్లీ వంగి, గుంజ చుట్టూ మట్టి వేసి కాలితో తొక్కాడు. ఆయన మాటను నేను నమ్మాను. ఆ యాత్రలో కొలవకుండా పుచ్చుకున్నది అదొక్కటే.